రెండేళ్లు నిండేలోగా

మా మనవడికి ఇరవై రెండు నెలలు. నవంబరు మొదటి వారం నాటికి వాడికి వచ్చిన మాటలు 17. ఇది తాతగారి అతిశయోక్తి కాదు. మా అమ్మాయి ఒక నోటుపుస్తకంలో తేదీలతో సహా రాసిపెట్టిన లెక్క. ఒక శబ్దాన్ని మాటగా లెక్కించాలంటే ఒకే మనిషికో, వస్తువుకో, కోరికకో వాడు దాన్ని మళ్లీ మళ్లీ వాడాలని పిల్లల డాక్టరు చెప్పారట. ఆ నిబంధన కింద ‘అత్త’ను కొట్టివేశారు. గోడను చూసి కూడా అత్త అంటున్నాడు కనుక. మూడు దశాబ్దాలుగా ఎన్నికల వార్తలు రాస్తున్నవాణ్ని. ఏ ఓటర్ల జాబితాకూ ఇంత నిక్కచ్చి పరిశీలన జరగగా నేను చూడలేదు.

ఆ పదిహేడింటిలో ఏడు తెలుగువి: అమ్మ, తాత, బువ్వ, లాల, జేజి, బూచి, వద్దు. నాలుగు ఇంగ్లీషువి: బాల్, కార్, లైట్, నో. మిగిలిన ఆరూ ఛత్తీస్‌గఢీ మాటలు. దాయి అంటే అమ్మ. చిరఈ అంటే పిట్ట. బాసీ అంటే మన చద్దన్నం. నోనీ అంటే చిన్నపిల్ల. హవ్ అంటే అవును. ఏ దే అంటే ఇదిగో. ‘నాన్న’ ఇంకా రాలేదు. సాయంత్రం తండ్రి గేటు దగ్గర దిగగానే వాడు ‘కార్’ అని కేకపెట్టి ఎదురు పరుగెత్తుతాడు. మా అల్లుడు ప్రస్తుతానికి దానితోనే తృప్తి పడుతున్నాడు.

వీళ్లుండేది మందిర్ హసౌద్‌లో. రాయ్‌పూర్ నుంచి తూర్పుగా ఆరంగ్, మహాసముంద్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద పదిహేను పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. దక్షిణాన నవా రాయ్‌పూర్ కొత్త రాజధాని విస్తరిస్తోంది. నైరుతిన, మానాలో, స్వామి వివేకానంద విమానాశ్రయం ఉంది. డాబా మీద నిలబడితే దిగుతున్న విమానాల చక్రాలు కూడా కనిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి పాతికేళ్లు నిండిన సందర్భంలో, 2025 నవంబరు 1న నవా రాయ్‌పూర్‌లో కొత్త శాసనసభా భవనాన్ని ప్రధాని ప్రారంభించారు. నేను ఆ పని మీద ఢిల్లీ నుంచి వచ్చి, పని అయ్యాక కూతురి ఇంట్లో నాలుగు రోజులు ఉండిపోయాను. ఆ తర్వాత అమ్మాయినీ మనవణ్నీ వెంటబెట్టుకుని విమానంలో హైదరాబాద్ వెళ్లాను. శాసనసభ గురించి రాయవలసింది వేరేచోట రాశాను. ఈసారి నన్ను ఓపికగా భరించే పాఠకులకు ఆ పదిహేడు మాటల సంగతీ, ఆ ప్రయాణం సంగతీ చెప్పాలనిపించింది. ఇందులో రాజకీయం లేదనుకునేవారు కాస్త ఆగండి.

నోటుపుస్తకంలో మొదటి తేదీ ‘దాయి’ది. ‘అమ్మ’ది పదకొండు రోజుల తర్వాత. “పదకొండు రోజులు నాన్నా” అంది మా అమ్మాయి, ఏదో బిల్లు లెక్క చెబుతున్నట్టు. చెప్పి, సీసాలు కడగడానికి వంటింట్లోకి వెళ్లింది. నేనేమీ అనలేదు.

2017 సవరణ తర్వాత మన చట్టం ఇచ్చే ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో కొన్ని వారాలు ప్రసవానికి ముందే ఖర్చు కావచ్చు. ఆ సెలవు ఉద్యోగం చేసే స్త్రీలలో ఎంత కొద్దిమందికి అందుతుందన్నది వేరే చర్చ. అందినవారికైనా బిడ్డ నోట మొదటి మాట వచ్చే వేళకు అది అయిపోయి సుమారు ఆరు నెలలవుతుంది. మా అమ్మాయి ఆఫీసుకు తిరిగి వెళ్లిన నాటి నుంచి ఉదయం తొమ్మిది మొదలు సాయంత్రం ఆరు వరకు వాడు పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చే ఒక ఇల్లాలి చేతుల్లో పెరుగుతున్నాడు. వీధిలో అందరూ ఆమెను దాయి అనే పిలుస్తారు. వాడూ విన్నది పిలిచాడు.

రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960లో అచ్చయిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, లోకంలోని అనేక భాషల నుంచి సేకరించిన 1,072 పదాలను, అంటే అమ్మకు, నాన్నకు పిల్లలు వాడే పేర్లను, పరిశీలించాడు. పాలు తాగుతూ నోరు మూసుకుని ఉన్నప్పుడు బిడ్డ చేయగలిగిన శబ్దం ముక్కుతో పలికే ‘మ్’ ఒక్కటేననీ, క్రమంగా అదే ఆకలికీ, తరువాత ఆకలి తీర్చే మనిషికీ పేరవుతుందనీ ఆయన వివరణ. అయితే ఏ శబ్దం ఎవరికి అన్నది ప్రకృతి నిర్ణయించదు, పెద్దవాళ్లు నిర్ణయిస్తారు. జార్జియా దేశపు భాషలో ‘మామ’ అంటే తండ్రి, ‘దెదా’ అంటే తల్లి. మన తెలుగులో నాన్నా ముక్కుతో పలికేదే. కనుక ‘దాయి’ ముందు రావడానికి ప్రేమతో పని లేదు, నాలుక పళ్లకు తగలడం పెదవులు కలవడమంత తేలిక అంతే అని అమ్మాయికి వివరించాను. శ్రద్ధగా విని, “జార్జియాలో తల్లులు ఆఫీసుకు వెళ్తారా?” అని అడిగింది.

దాయి గురించి కొంచెం చెప్పాలి. ఆమెకు మూడేళ్ల కూతురుంది. ఆ పిల్ల పగలు అంగన్‌వాడీలో, ఆ తర్వాత నానమ్మ దగ్గర ఉంటుంది. అప్పుడప్పుడు వెంట తెస్తుంది; మావాడి ‘నోనీ’ ఆ పిల్లే. తల్లి వచ్చి మా మనవడికి మాటలు నేర్పుతున్న ఆ తొమ్మిది గంటలు ఆ పిల్లకు తల్లి లేదు. ఆమెకు ‘మహతారీ వందన్’ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి. 2023 ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ వాగ్దానం చేసి, 2024 మార్చిలో ఆచరణలో పెట్టిన పథకం అది. మహతారీ అంటే ఛత్తీస్‌గఢీలో తల్లి. అంతకుముందు కాంగ్రెస్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ మే డే నాడు అందరూ బోరే బాసీ తినాలని పిలుపునిచ్చారు. చద్దన్నం ఒక రాజకీయ ప్రకటన అయింది. ఇక్కడ ఓటు అడగాలంటే ఏ భాషలో అడగాలో ఏ పార్టీకీ ఒకరు నేర్పనక్కరలేదు.

లెక్క వేసేటప్పుడు మాత్రం భాష మారిపోతుంది. 2011 జనగణనలో ఛత్తీస్‌గఢీ తమ మాతృభాష అని చెప్పినవారు 1.62 కోట్ల మంది. ప్రచురించిన పట్టికలో వాళ్లంతా హిందీ శీర్షిక కిందికి వెళ్లారు. హిందీ మాతృభాషగా 52.83 కోట్ల మంది అని మనం వినే సంఖ్యలో ఈ దాయి కూడా ఉంది, భోజ్‌పురివారు ఉన్నారు, రాజస్థానీవారు ఉన్నారు. ఈ భాషకు హీరాలాల్ కావ్యోపాధ్యాయ 1885లోనే వ్యాకరణం రాశారు. దాన్ని గ్రియర్సన్ 1890లో ఇంగ్లీషులో ప్రచురించాడు. రాష్ట్ర శాసనసభ 2007 నవంబరు 28న దీనికి రాజభాష హోదా ఇచ్చింది. ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి, ఇది లేదు. మన తెలుగుకు దగ్గరి చుట్టమైన గోండి, సుమారు 30 లక్షల మంది మాట్లాడేది, అదీ లేదు.

తెలుగువాళ్ల దుఃఖం తెలిసిందే. అదే 2011 లెక్కల్లో 8.11 కోట్లతో తెలుగు మూడో స్థానం నుంచి నాలుగో స్థానానికి దిగింది, మరాఠీ మనల్ని దాటింది. మన సభల్లో ఈ సంఖ్య చదివి గొంతు గద్గదం చేసుకోని వక్త లేడు. నేనూ అలాంటి వేదికల మీద కూర్చున్నవాణ్నే. కాని తన అంకె ఒక స్థానం తగ్గిందని బాధపడే భాషా, అసలు అంకే వేరొకరి ఖాతాలో జమ అయిన భాషా ఒకే ఇంట్లో ఒకే బిడ్డ నోట్లో పక్కపక్కన చేరితే, ఎవరి ఫిర్యాదు ముందు వినాలి?

జనగణన నియమాల్లో మాతృభాషకు ఒక నిర్వచనం ఉంది: బాల్యంలో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాష. తల్లి శైశవంలోనే చనిపోతే ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. ఇంకా మాటలు రాని పసిబిడ్డలకైతే తల్లి మామూలుగా మాట్లాడే భాషే రాసుకోవాలి. నిర్వచనం చక్కనిదే. నోరు విప్పకముందే ప్రభుత్వం బిడ్డకు ఒక భాష రాసిస్తుంది. కాని పగలంతా బిడ్డతో మాట్లాడేది తల్లి కాకపోతే ఏం చేయాలన్నది అందులో లేదు. ఆ నిర్వచనం రాసినవారి ఊహలో తల్లి ఇంట్లోనే ఉంది.

మా అల్లుడి కథ వేరు. వాళ్ల తాతగారు పార్వతీపురం ప్రాంతం నుంచి భిలాయి ఉక్కు కర్మాగారం పనులకు వచ్చారు. మూడో తరం వాడైన ఇతనికి తెలుగు చదవడం రాదు, మాట్లాడడం చక్కగా వచ్చు. దానికి కారణం బడి కాదు, రైలు. మందిర్ హసౌద్ స్టేషను మీదుగా పోయే రాయ్‌పూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. మధ్య పరగణాల ఖనిజాన్ని విశాఖపట్నంలో తయారవుతున్న రేవుకు చేర్చాలన్నది తెల్లదొరల అవసరం. ఆ పట్టాల మీద బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం ప్రాంతాల మనుషులు ఇటు వచ్చారు, పెళ్లిళ్లకూ పండుగలకూ అటు వెళ్లారు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ కూడా ఇదే దారిన నడుస్తోంది. “చిన్నప్పుడు ఏడాదికి రెండుసార్లు సాధారణ బోగీలో వెళ్లేవాళ్లం మామయ్యగారూ. రాయగడ దాటేసరికి బోగీ అంతా తెలుగే” అన్నాడు. ఐదేళ్లలోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే రైలులో టికెట్టే లేదు. అతని తెలుగుకు రైల్వే శాఖ ఇచ్చిన రాయితీ అది. ఏ భాషా విధానంలోనూ దాని ప్రస్తావన ఉండదు.

మా వైపు దారి అంత సులువు కాదు. నా భార్య హైదరాబాద్‌లో ఉంది. మా అత్తగారు మంచాన ఉన్నారు. ఆమెను వదిలి ఈవిడ కదలలేదు. కనుక అమ్మమ్మ అంటే మనవడికి ఫోన్లో కనిపించే ముఖం. నేనూ అంతే. రోజూ సంభాషణ చివర మేము ‘టాటా’ చెబుతాం. వాడి నోట ‘తాత’, ‘టాటా’ ఒక్కటే. మా అమ్మాయి దాన్ని తెలుగు కింద రాసింది. అది ఇంగ్లీషు కింద రాయాలని అల్లుడి వాదన. నేను ఢిల్లీ నుంచి వచ్చి గడప దాటగానే వాడు నన్ను చూసి, సంతోషంగా చెయ్యి ఊపి, “తాత” అన్నాడు. వాడి లెక్కలో నేను కనిపించేదే వెళ్లిపోవడానికి.

ఫోను ముఖం గురించి కొంత పరిశోధన ఉంది. 2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలతో ఒక ప్రయోగం ప్రచురించింది. చైనీస్ మాట్లాడేవారు ఎదురుగా కూర్చుని 12 సార్లు ఆడించి, పుస్తకాలు చదివి వినిపిస్తే పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకున్నారు. అదే మనుషులు, అదే సరుకు, టీవీ తెర మీదో, రికార్డులోనో అయితే ఏమీ పట్టలేదు. 2014లో వచ్చిన మరో అధ్యయనం దీన్ని కొంత సడలించింది. రెండేళ్లు దాటిన పిల్లలు, తెర మీది మనిషి తమ చేష్టలకు అప్పటికప్పుడు బదులిస్తుంటే, ఎదుట ఉన్నప్పటిలాగే కొత్త క్రియాపదాలు నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియోతో నేర్చుకోలేదు. అంటే తెర పూర్తిగా పనికిరానిది కాదు. ఎవరు అడిగినా లేకపోయినా పాడుకుంటూ పోయే యూట్యూబు పాటలు మాత్రం భాష నేర్పవు. ఇది నా భార్యకు చెబితే, “వాడి చేతికి ముద్ద పెట్టకుండా బువ్వ అంటే ఏమిటో ఎట్లా చెప్పను?” అంది. దానికి ఏ ప్రయోగశాలా జవాబు ఇచ్చినట్టు లేదు.

అందుకని టికెట్లు కొన్నాం. ఇక్కడే నాకు ఆ రెండేళ్ల గీత స్పష్టంగా కనిపించింది. విమానంలో రెండేళ్లలోపు బిడ్డకు సీటు ఉండదు, ఒడి ఉంటుంది. దానికి కట్టేది చిన్న మొత్తం. రెండేళ్లు నిండిన నాటి నుంచి వాడికీ ఒక సీటు కొనాలి, అది దాదాపు పెద్దవాళ్ల ధరే. పిల్లల మాటల విషయంలోనూ ముఖ్యమైన గీత అక్కడే ఉంది. మామూలుగా ఏడాది ప్రాంతంలో మొదటి మాట, రెండేళ్లకు అటూ ఇటూగా రెండు మాటలు జోడించడం, ఆ తర్వాత వారానికి ఎన్ని కొత్త మాటలో లెక్కపెట్టలేని వేగం. అంటే పసివాడు ఏ భాషలో వాక్యం కట్టాలో తేల్చుకునే నెలల్లోనే అమ్మమ్మ దగ్గరికి వెళ్లే ఖర్చు ఒకేసారి పెరుగుతుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఏడాదికి మూడుసార్లు అనుకున్నది ఒక్కసారి అవుతుంది.

హవాయి చెప్పులు వేసుకున్నవారు హవాయి జహాజు ఎక్కాలన్న ప్రధాని మాట 2017లో ఉడాన్ పథకం మొదలైనప్పటి నుంచి వింటున్నాం. దాయి హవాయి చెప్పులతోనే వస్తుంది. ఆమె నెత్తి మీదుగా రోజంతా విమానాలు దిగుతాయి. మేము బయలుదేరే ముందు ఆమె నన్ను అడిగినది ఒక్కటే: పైన పిల్లవాడికి చలి వేస్తుందా అని. లోపల వేయదని చెప్పినా, ఉన్ని టోపీ తెచ్చి సంచిలో పెట్టింది.

ఇంటి నుంచి మానా విమానాశ్రయం ఇరవై నిమిషాలు. పసిబిడ్డతో వెళ్లేవారికి రెండు ఆచరణాత్మకమైన విషయాలు చెబుతాను. వయసు రుజువు కోసం జనన ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి, ముఖ్యంగా బిడ్డ కాస్త పొడుగరి అయితే. మావాడి పళ్లు చూసి కౌంటరులోని అమ్మాయి రెండుసార్లు కాగితం తిప్పి చదివింది. పన్నెండేళ్లలోపు పిల్లలకు కనీసం ఒక తల్లో తండ్రో పక్కన ఉండేలా సీట్లు కేటాయించాలని పౌర విమానయాన డైరెక్టరేట్ 2024 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించింది. విడివిడి సీట్లు వస్తే ఆ మాట గుర్తుచేయండి. ఒడిలోని బిడ్డ ఈ నిబంధనకు అక్కరలేకుండానే తల్లి దగ్గర ఉంటాడు. తాతగారు మాత్రం ఏడు వరసల వెనక పడ్డారు. తల్లి పక్కన కూర్చున్న ఒక కుర్రవాడు వాడి మొదటి తన్నుకే లేచి నాకు సీటు ఇచ్చాడు.

డాబా మీద ఉన్నప్పుడు విమానం కనిపిస్తే వాడు వేలెత్తి “చిరఈ” అంటాడు. ‘ర’ ఇంకా పలకదు కనుక ‘చియ్యీ’ అని వినిపిస్తుంది. కాకీ చిరఈయే, గాలిపటమూ చిరఈయే. ఈ వయసులో పిల్లలు ఒక మాటను దొరికినంత మేర పరుస్తారు. ఇప్పుడు ఆ చిరఈ కడుపులో కూర్చోబెట్టి “ఇదే రా చిరఈ” అని మేము ఎంత చెప్పినా నమ్మలేదు. కిటికీకి ముఖం ఆనించి, ఆకాశంలో వెతికి, రెండు చేతులూ తిప్పి లేదన్నాడు.

విమాన పరిచారిక ఒక చిన్న బెల్టు తెచ్చి తల్లి బెల్టుకు తగిలించి వాడి నడుముకు కట్టింది. ఆ బెల్టు చూస్తే నాకు ఎప్పుడో చదివిన ఒక వివాదం గుర్తొచ్చింది. 1989 జూలై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానం అయోవాలోని సూ సిటీ దగ్గర కూలింది. 296 మందిలో 112 మంది చనిపోయారు. ఒడి బిడ్డలు నలుగురున్నారు. నాటి నియమాల ప్రకారం వాళ్లను తల్లుల కాళ్ల దగ్గర నేల మీద పడుకోబెట్టి పట్టుకోమని చెప్పవలసి వచ్చింది. ఒక పసివాడు మరణించాడు. ఆ మాట చెప్పిన ముఖ్య పరిచారిక జాన్ బ్రౌన్ తర్వాత ఏళ్ల తరబడి ఒక్కటే అడిగింది: ప్రతి బిడ్డకూ ఒక సీటు, ఒక కట్టు ఉండాలని. ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ ఆమె పక్షాన నిలిచింది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ మాత్రం తప్పనిసరి చేయడానికి ఒప్పుకోలేదు. బిడ్డకు సీటు కొనాల్సి వస్తే అనేక కుటుంబాలు విమానం మానుకుని కార్లలో వెళ్తాయి, రోడ్ల మీద అంతకంటే ఎక్కువమంది చనిపోతారు అన్నది దాని వాదన.

ఆ వాదన సబబో కాదో ఇక్కడ తేల్చబోను. దానిలో ఉన్న ఒప్పుకోలు నాకు ఆసక్తి కలిగించింది. ఒక సీటు ధర పడితే కుటుంబాలు ప్రయాణం మార్చుకుంటాయని ఒక ప్రభుత్వ సంస్థ కాగితం మీద అంగీకరించింది. అమెరికాలో కారు ఉంది కనుక దారి మారుతుంది. మందిర్ హసౌద్ నుంచి హైదరాబాద్‌కు పసివాడితో కారులో వెళ్లేవాళ్లెవరు? ఇక్కడ మారేది దారి కాదు, ప్రయాణమే ఆగుతుంది.

ఎక్కేటప్పుడు వాడు నిద్రపోయాడు. దిగేటప్పుడే బాధంతా. పసిపిల్లలకు చెవినీ గొంతునూ కలిపే నాళం సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. కిందికి దిగుతున్నప్పుడు పెరిగే గాలి ఒత్తిడికి అది తేలికగా తెరుచుకోదు. గుటక వేస్తే తెరుచుకుంటుంది. అందుకే పాలో నీళ్లో తాగించమంటారు. మేము సీసా అందించాం, తోసేశాడు. చెవి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. తల్లి మెడలో ముఖం దాచుకుని, ఆమె చీర కొంగు పిడికిట పట్టుకుని, “దాయీ, దాయీ” అని ఏడ్చాడు.

నేను మా అమ్మాయి ముఖం వైపు చూడలేకపోయాను. ఆమె వాడి వీపు నిమురుతూ, చెవి దగ్గర నోరు పెట్టి, “హవ్ నాన్నా, హవ్” అంది. ఆ మాట పదే పదే అంటూనే ఉంది. శంషాబాద్‌లో చక్రాలు నేలకు తగిలేవరకూ అదే మాట. చివర్లో సీసా అందుకున్నాడు.

హైదరాబాద్‌లో మొదటి రోజు అమ్మమ్మ దగ్గరకు రాలేదు. ఫోనులో అరచేతి మేర ఉండే ముఖం ఇంత పెద్దదై ఎదురుగా నడిచి రావడం వాడికి నచ్చినట్టు లేదు. రెండో రోజు ఆమె పప్పన్నం కలుపుతుంటే దగ్గరికి జరిగి కూర్చున్నాడు. పది రోజుల్లో తొమ్మిది కొత్త మాటలు వచ్చాయి. ముద్ద, పప్పు, పిల్లి, కాకి, అమ్మమ్మకు ‘అమ్మమ్మమ్మ’, ఇంకా కొన్ని. మంచం మీది ముత్తవ్వను చూసి జేజి అని దండం పెట్టాడు; ఆమె నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. దాయిని మాత్రం రోజూ అడిగాడు. మూడో రోజు ఫోను కలిపితే తెర మీద ఆమెను చూసి ఏమీ మాట్లాడక, తెర వెనక్కి తిప్పి ఆమె కోసం వెతికాడు. అవతల ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇవతల మా అమ్మాయి, “ఇంకో వారం దాయీ, వచ్చేస్తాం” అని హిందీలో చెప్పింది. సెలవు రోజులకూ జీతం పంపింది. వద్దని ఆమె ఒకటికి రెండుసార్లు అన్నది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాడు పళ్లెంలోంచి నాలుగు మెతుకులు పట్టుకుని అమ్మమ్మ నోటి దగ్గర పెట్టి, “ఏ దే బువ్వ” అన్నాడు. రెండు మాటలు కలిపి పలకడం అదే మొదలు. “ఏమంటున్నాడే?” అని నా భార్య కూతుర్ని అడిగింది. “ఇదిగో బువ్వ అంటున్నాడమ్మా.” అప్పటి నుంచి ఆవిడ కూడా ముద్ద పెట్టేటప్పుడు ‘ఏ దే’ అంటోంది.

2027 ఫిబ్రవరిలో జనగణన సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి మనుషులను లెక్కిస్తారు. అప్పటికి వీడికి మూడేళ్లు దాటుతాయి. మాతృభాష దగ్గర తెలుగు అని రాయిస్తామని అల్లుడూ కూతురూ అన్నారు. ఆ తర్వాత, తెలిసిన ఇతర భాషలు రెండింటి వరకు రాసుకునే వీలు గత జనగణనల్లో ఉంది. ఈసారీ ఉంటే మొదటిది హిందీ అని కాక ఛత్తీస్‌గఢీ అని రాయించమని చెప్పాను. రాసేవారు అది హిందీయే కదా అంటారు. కాదు, అలాగే రాయండి అని పట్టుబట్టమన్నాను. దాయి ఇంట్లో ఏమని రాస్తారో మా చేతుల్లో లేదు. అడిగితే, “మాస్టారు ఏది రాస్తే అదే” అందట.

జనవరిలో వాడికి రెండేళ్లు నిండుతాయి. వేసవిలో ముగ్గురూ రావాలంటే మూడు సీట్లు. అల్లుడు ఫోనులో ధరలు చూసి, ఏమీ అనకుండా ఫోను జేబులో పెట్టుకున్నాడు. అందుకని మేమిద్దరం వేరే లెక్క వేసుకున్నాం. మార్చిలో నా భార్య రైలులో మందిర్ హసౌద్ వెళ్తుంది, మూడు వారాలు ఉంటుంది. ఆ మూడు వారాలూ మా అత్తగారి మందులు, పథ్యం, రాత్రి మేలుకోవడం నా వంతు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు. ఆ తేదీ చూసి పెట్టుకున్నాను. అత్తగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.